మొలవని మీసం

టేపు పిన్ని మనిషిని చూసే పద్ధతి వేరు. మనం ముందు మొహం చూస్తాం. ఆవిడ ముందు భుజాలు చూస్తుంది, తరవాత నడుము, ఇంకా తీరికుంటే మొహం. నిన్న పలకరించిన మనిషి ఇవాళ ఎదురొస్తే పోల్చుకోలేదు. "ఎడమ భుజం జారి ఉంటుందే, ఆయనా?" అని మాత్రం వెంటనే అడుగుతుంది. మెడలో టేపు లేకుండా ఆవిడను చూసినవాళ్లు ఊళ్లో లేరు. భర్త పోయిన రోజున కూడా అది మెడలోనే ఉంది. పలకరించడానికి వచ్చినవాళ్లు, కొలతలిచ్చి పోవాలేమో అనుకుని కాసేపు నిలబడ్డారని ఆడపడుచు ఇప్పటికీ చెబుతుంది.

ఆ కొట్టు పెద్ద వీధి మలుపులో ఉంటుంది. ఒక కిటికీ, రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, గోడ పొడుగునా కత్తిరించి కట్టలు కట్టిన గుడ్డ. ఊళ్లో బడికి వెళ్లే ప్రతి పిల్లకూ పిల్లాడికీ యూనిఫాం అక్కడే కుట్టాలి. ఆ లెక్కన ఊళ్లో కుర్రకారు నడుములన్నీ ఆవిడకు తెలుసు, పెద్దవాళ్ల నడుములు ఏ ఏడు ఎంత పెరిగాయో కూడా తెలుసు. అందుకే పెద్దవాళ్లు ఆ కొట్టు ముందు నుంచి వెళ్లేటప్పుడు పొట్ట లోపలికి పీల్చి నడుస్తారు.

ఆడపడుచు అంటే భర్త చెల్లెలు. కాజాలు, బొత్తాలు ఆవిడ శాఖ. భర్త ఉన్నప్పుడు ముగ్గురూ ఒకే ఇంట్లో ఉండేవారు, ఇప్పుడు ఇద్దరు. వదినా ఆడపడుచుల మధ్య మాటామాటా లేని రోజున ఇద్దరిలో ఎవరికి జ్వరం వచ్చిందో చూడాలి.

"ఈ కాజా చూడవే, ఇందులోంచి బొత్తాం కాదు, బొత్తాం పెట్టేవాడే దూరిపోతాడు."

"నువ్వు కుట్టిన కాలరు చూశావా వదినా? తొడుక్కున్నవాడు వెనక్కి తిరిగి చూడాలంటే మనిషంతా తిరగాలి."

ఇలా ఉంటుంది వరస. సాయంత్రం ఇద్దరూ కలిసి తాళం వేసుకుని, ఒకే గొడుగు కింద, అది ఎవరి వైపు ఎక్కువ వంగిందో తగువాడుకుంటూ ఇంటికి పోతారు.

అయితే ఊరు పిన్నిని దర్జీగా కన్నా ముందు పైలట్ చెల్లెలుగా ఎరుగును. ఆ అన్నయ్య సంగతి క్లుప్తంగా ఇది. ఆవిడ బడికి వెళ్లే వయసులో ఉండగా యుద్ధం వచ్చింది. అన్నయ్య విమాన దళంలో చేరాడు, యుద్ధ విమానం నడపడం నేర్చుకున్నాడు, సముద్రం అవతలి దేశానికి వెళ్లాడు. రెండేళ్లు అక్కడ ఎగిరాడు. ఒక పొద్దున సముద్రం మీదికి వెళ్లి తిరిగి రాలేదు. ఇరవై రెండేళ్లవాడు. మనిషి దొరకలేదు, విమానం దొరకలేదు. ఇంటికి కబురు మాత్రం వచ్చింది.

ఆ ఊరి నుంచి అంత దూరం వెళ్లి అంత పైకి ఎగిరినవాడు ఇంకొకడు లేడు. అందుకని ఏటా ఆ తేదీన హైస్కూలు మైదానంలో సభ పెడతారు. పిల్లలు వరసలు కట్టి నిలబడతారు, ఛైర్మన్ గారు మాట్లాడతారు, హెడ్మాస్టర్ గారు మాట్లాడతారు, మైకు మధ్యమధ్య తన మాట తను చెబుతుంది. బతికి ఉండగా ఆ కుర్రాడు రెండు శత్రు విమానాలను కూల్చాడు. పోయాక కూల్చినవి ఎక్కువ. సభ సభకూ ఒకటీ అరా పడిపోతూనే ఉన్నాయి. మనిషి కూడా ఏడాదికింత పొడుగవుతున్నాడు. ముందు వరసలో కూర్చునే పిన్నికి, తండ్రి చొక్కా తొడుక్కుంటే భుజాలు మోచేతుల దాకా జారిన అన్నయ్య గుర్తు. ఒక ఏడు "ఆ ఆజానుబాహుడు" అని హెడ్మాస్టర్ గారు అందుకోగానే, ఆవిడ ఆడపడుచు వైపు వంగి, "ఇంకో నాలుగేళ్లు పోతే ఈయనకు గుడ్డ తాను మొత్తం కోసినా చొక్కా చాలదే" అంది. వెనక వరస దాకా వినపడింది.

ఈ పెరుగుదలలో భాగంగానే ఆయనకు మీసం కూడా వచ్చింది. మొదటి సభకు బోర్డు రాసిన పెయింటరు సినిమా హాలుకు బొమ్మలు వేసేవాడు. మీసం లేని హీరోను వేయడం అతనికి చేతకాదు. ఆ బోర్డు చూసి మరుసటి ఏడాది బోర్డు, అది చూసి కరపత్రం, దాన్ని చూసి పిల్లల విచిత్ర వేషాలు. ఇప్పుడు ఊళ్లో ఏ పిల్లాడికైనా నల్ల కాగితం కత్తిరించి పై పెదవికి అంటించి, కళ్లజోడు నుదుటికి ఎక్కిస్తే చాలు, "పైలట్!" అంటారు.

పిన్ని దేనికీ అడ్డు చెప్పలేదు. "కాగితం మీసం కాగితంతో పోతుంది" అనేది.

చిక్కు విగ్రహంతో వచ్చింది. హైస్కూలు ఎదురుగా మూడు దారులు కలిసే చోట పైలట్ విగ్రహం పెట్టాలని మునిసిపాలిటీ తీర్మానం చేసింది. ఛాతీ దాకా బొమ్మ, సిమెంటుది, కింద నల్లరాతి దిమ్మ. ఆ వార్త విన్న రోజున పిన్ని కొట్టుకు వచ్చిన వాళ్లందరికీ బెత్తెడు గుడ్డ ఎక్కువే వదిలి కుట్టింది. అదే ఆవిడ సంతోషం.

మట్టి నమూనా తయారైందని తెలిసి, ఆడపడుచును వెంటేసుకుని చూడటానికి వెళ్లింది. బొమ్మలాయన షెడ్డు రైలు పట్టాల పక్కన ఉంటుంది. లోపల రేకుల కింద వరసగా నాయకులు, దాతలు, ఒకరిద్దరు కాలేజీ స్థాపకులు, అందరూ మీసాలతో. కొందరికి ఇంకా చెవులు రాలేదు, కళ్లు రాలేదు, మీసాలు మాత్రం వచ్చేశాయి. చివర తడిగుడ్డ కప్పిన బొమ్మ దగ్గరికి తీసుకెళ్లి బొమ్మలాయన గుడ్డ తీశాడు.

పిన్ని అలవాటుగా భుజాలు చూసింది. బాగానే ఉన్నాయి. అప్పుడు మొహం చూసింది.

"ఇదెవరయ్యా?"

"అదేంటి పిన్నీ! మీ అన్నయ్యగారు."

"మా అన్నయ్య మూతి మీద ఇదేంటి, పావురం వాలినట్టు?"

"మీసం."

"అది తెలుస్తూనే ఉంది. ఎవరిదని అడుగుతున్నా."

బొమ్మలాయన చేతులు తుడుచుకున్నాడు. దాపరికం లేని మనిషి. "చూడు పిన్నీ, నేను ముందు మీసమే పెట్టుకుంటాను. మీసం కుదిరిందంటే ముక్కూ గడ్డం దాని చుట్టూ వాటంతటవే కుదురుతాయి. మొదట్నుంచీ నా పద్ధతి ఇదే. ఒకే ఒక్కసారి మీసం లేకుండా చేశా, ఓ లాయరు గారిని. కొడుకులు వచ్చి చూసి, ఈయన మా నాన్న కాదు పొమ్మన్నారు. నిజానికి ఆయనకు పుట్టి బుద్ధెరిగాక మీసం లేదు! అయినా తీసుకెళ్లలేదు."

"ఇప్పుడాయన ఎక్కడున్నాడు?" అంది ఆడపడుచు.

బొమ్మలాయన గడ్డం ఎత్తి మూలకు చూపించాడు. నున్నటి మూతి ఉన్న పెద్దమనిషి ఒకాయన, నెత్తి మీద బొమ్మలాయన చొక్కా, చెవికి గొడుగు తగిలించుకుని, గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

"మా అన్నయ్యకు మీసం లేదయ్యా. తీసెయ్."

"నాదేముంది పిన్నీ, మట్టి. ఛైర్మన్ గారు చూసి, ఇంకాస్త గుబురుగా ఉండాలన్నారు. ఆయన్ని అడుగు."

ఇక్కడ అన్నయ్య మీసం సంగతి కొంత చెప్పాలి. ఆయనకు మీసం లేకపోవడం అభిరుచి కాదు, రాకపోవడం. తండ్రికి రెండు చేతులతో దువ్వుకునేంత మీసం ఉండేది. కొడుక్కు పంతొమ్మిది నిండినా పై పెదవి పసిపిల్లాడి అరికాలులా ఉండేది. పొద్దున్నే కిటికీలో అద్దం పెట్టుకుని, చెల్లెల్ని పిలిచి, "నువ్వు చూడు, వెలుతురు నీ వైపు ఉంది, ఏమన్నా కనపడుతోందా?" అని అడిగేవాడు. చెల్లెలు ముక్కు తగిలేంత దగ్గరికొచ్చి చూసి, "ఒకటుంది అన్నయ్యా" అనేది. ఆయన మురిసిపోయేవాడు. "లేదులే, దారప్పోగు" అనేది. నూనెలు రాశాడు, గొరిగితే ఒత్తుగా వస్తుందంటే ఉత్తినే గొరిగాడు, ఎవరో చెబితే ఉల్లిపాయ రుద్దుకుని రోజంతా ఏడ్చాడు. విమానాల్లో చేరుతున్నానని చెప్పిన రోజున తండ్రి మీసం దువ్వుకుంటూ అంతా విన్నాడు. ఆఖర్న, "మీసం కూడా రాలేదు, విమానం నడుపుతాడట" అన్నాడు. "పైన చల్లగా ఉంటుంది కదా నాన్నా, అక్కడైనా మొలుస్తుందేమో" అన్నాడు ఆయన. స్టేషన్‌లో రైలు కదిలే దాకా పెదవి తడుముకుంటూనే ఉన్నాడు.

పిన్ని దగ్గరున్న అన్నయ్య ఇంతే. సభలో ఎవరూ చెప్పని ముక్క కూడా ఇదే.

మర్నాడు ఆవిడ మునిసిపల్ ఆఫీసుకు వెళ్లింది. ఛైర్మన్ గారు లేచి నిలబడి మర్యాద చేశారు, లేస్తూ పొట్ట లోపలికి పీల్చారు. ఆయన మంచివాడు. ఆయన మీసం కూడా మంచిదే. వారం వారం రంగు వేస్తారు.

"అమ్మా, మీరప్పుడు చిన్నపిల్ల. గుర్తుండదు."

"మీ నడుము నాలుగేళ్ల కిందట ఎంతో గుర్తుంది. చెప్పమంటారా?"

గుమస్తాలు తలలు వంచుకుని రాసుకోసాగారు. "వద్దు వద్దు" అన్నారు ఛైర్మన్ గారు. "నేననేదేంటంటే, మీ ఇంట్లో ఉన్న ఫోటో పాతది. పాత ఫోటోల్లో మీసాలు వెలిసిపోతాయి."

"కనుబొమలు వెలిసిపోలేదే?"

"అమ్మా, నా ఇబ్బంది కూడా చూడండి. పిల్లలందరికీ తెలిసిన పైలట్ మీసాల పైలట్. విగ్రహం మీద గుడ్డ లాగగానే నున్నటి మొహం కనపడితే, వేరే ఎవరినో పెట్టామంటారు. అయినా యుద్ధ విమానం నడిపినవాడికి ఆ మాత్రం మీసం లేకపోతే ఎలా చెప్పండి? మొన్న మీ కొట్టు ముందు నుంచి వెళ్తుంటే చూశాను, మన బస్సు డ్రైవరుకే ఇంత ఉంది."

"బస్సుకు హారన్ ఉంటుంది, మీసం ఉంటుంది. విమానానికి ఏదీ అక్కర్లేదు" అని, పిన్ని కుర్చీ ముందుకు లాక్కుంది. ఆ తరవాత మాటలు ఎగతాళిగా అనలేదు. "ఛైర్మన్ గారూ, ఆయనకు సమాధి లేదు. ఒంటి మీది గుడ్డపీలిక కూడా ఇంటికి రాలేదు. ఆయన మొహం చూసిన కళ్లు ఊళ్లో ఇంక ఈ రెండే. ఇవి కూడా మూసుకున్నాక, మీరు ఏది పెడితే అదే ఆయన మొహం. ఆయనది కాని మొహం పెట్టి, దానికి ఏటా దండ వేస్తారా?"

ఛైర్మన్ గారు కాసేపు మీసం నిమురుకుని, ఆ చెయ్యి అప్పుడు అక్కడ ఉండటం బాగోదనిపించి దించేశారు. ఆయనకు ఒక దారి తోచింది. విగ్రహం ఆవిష్కరించడానికి పిలిచిన ముఖ్య అతిథి, పైలట్‌తో ఒకే దళంలో ఎగిరిన వింగ్ కమాండర్. రిటైరై పక్క పట్నంలో ఉంటున్నాడు. ఆయన్ని ముందుగానే షెడ్డుకు రప్పిద్దాం, మట్టి బొమ్మ చూపిద్దాం, మీసం ఉందంటే ఉంచుదాం, లేదంటే తీసేద్దాం అన్నారు.

"ఆయన మాటే మాట" అంది పిన్ని. గెలిచినట్టే నడిచి వచ్చింది.

కొట్టులో ఆడపడుచు అంతా విని, సూదిలో దారం ఎక్కిస్తూ, "మరి మొలిచి ఉంటేనో?" అంది.

"ఏంటి?"

"నువ్వు చూసింది రైలెక్కే దాకా కదా వదినా. ఆ తరవాత రెండేళ్లు బతికాడు మనిషి. ఇరవైలో రానిది ఇరవై ఒకటిలో వచ్చి ఉంటే? మా అన్నయ్యకు ఇరవై అయిదులో వచ్చింది, మర్చిపోయావా?"

పిన్ని మిషన్ తొక్కడం ఆగింది. తరవాత మళ్లీ మొదలైంది గాని, ఆ శబ్దంలో మునుపటి వరస లేదు. ఆ వారం ఆవిడ ఒక పిల్లాడి చొక్కాకు రెండూ కుడి చేతులే కుట్టింది. తల్లి వచ్చి, "మా వాడు ఎప్పుడూ ఒక వైపే చెయ్యెత్తుతాడు, నిజమే గాని" అని నసిగితే, విప్పి మళ్లీ కుట్టింది. ఛైర్మన్ దగ్గర ఓడిపోవడం ఆవిడకు పెద్ద లెక్క కాదు. ఆవిడ భయం వేరు. తను ఎరిగిన అన్నయ్య రైలెక్కడంతోనే అయిపోయాడేమో, అక్కడ పోయినవాడు తను ఎన్నడూ చూడని ఇంకో మనిషేమో అని. అదే నిజమైతే ఊరి బోర్డులే ఒప్పు, తను ఇన్నాళ్లూ కాపలా కాసింది ఉత్త జ్ఞాపకానికి.

"వాగుడు ఎక్కువ నాకు" అంది ఆడపడుచు రెండో రోజున. ఆవిడ నోటి నుంచి క్షమాపణ లాంటిది రావడం అరుదు.

"నీ తప్పేముందిలే. వస్తుందేమోనని ఆయనే పైకి వెళ్లాడు."

కమాండర్ గారు వచ్చారు. పొడుగాటి మనిషి, చేతికర్ర, చెవిలో వినికిడి మిషన్. పిన్ని షెడ్డు గుమ్మంలోనే ఆయన భుజాలు చూసి, "కుడి భుజం విరిగి అతుక్కుంది కదండీ?" అంది.

"ఆఁ?"

"భుజం! భుజం!"

"ఓహో, అవును, విమానంలోంచి దూకాను. చెట్టు మీద పడ్డాను." ఆవిడ వైపు పరకాయించి చూశారు. "మీరు చెల్లెలు. చెప్పక్కర్లేదు."

బొమ్మలాయన తడిగుడ్డ తీశాడు. ఛైర్మన్ గారు ఒక పక్క, పిన్ని ఒక పక్క, మధ్యలో కమాండర్ గారు. ఆడపడుచు లాయరు గారి చెవికి ఆనుకుని నిలబడింది. కమాండర్ గారు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు.

"మీసం ఉంది" అన్నారు.

ఛైర్మన్ గారు గాలి వదిలారు, పొట్ట యథాస్థానానికి వచ్చింది. పిన్ని టేపు రెండు కొసలూ పట్టుకుని నిలబడిపోయింది.

"బొమ్మకు ఉంది, సరే, అసలు మనిషికి ఉండేదా అని!" అంటూ ఆడపడుచు ఆయన చెవిలో అరిచింది.

"ఉండేదమ్మా! రోజూ ఉండేది." కమాండర్ గారు నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగి, దగ్గు మళ్లీ నవ్వయింది. బొమ్మలాయన స్టూలు తెచ్చి కూర్చోబెట్టాడు. "రోజూ పొద్దున పెట్టుకునేవాడు. మ్యాపుల మీద గీతలు గీయడానికి మా అందరికీ మైనపు పెన్సిళ్లు ఇచ్చేవారు, నల్లవి. మా దళంలో అందరికీ మీసాలే, వీడికి తప్ప. మా కెప్టెన్ వీణ్ణి 'పాపాయి' అని పిలిచేవాడు. దాంతో వీడు పెన్సిల్ తీసుకుని, గుడారంలో అద్దం ముందు కూర్చుని, మీసం దిద్దుకునేవాడు. గీయడం వచ్చా అంటే రాదు. ఒక వైపు పైకి, ఒక వైపు కిందికి."

పిన్ని వేలితో తన పై పెదవి తడుముకుంది.

"ఇక పైకి వెళ్తే ఆక్సిజన్ మాస్క్ పెట్టుకోవాలి కదా, రబ్బరుది, మూతికి గట్టిగా బిగుసుకుంటుంది. దిగేసరికి మీసం సగం మాస్క్‌లో ఉండేది, సగం ముక్కు మీద ఉండేది. వీడు ఎంత ఎత్తుకు వెళ్లొచ్చాడో మేం మీసం చూసి చెప్పేవాళ్లం. మొత్తం చెరిగిపోతే చాలా పైకి వెళ్లినట్టు. కెప్టెన్ తిట్టేవాడు. వీడు దిగడం దిగడమే మళ్లీ అద్దం దగ్గరికి." ఆయన నవ్వు తగ్గింది. "ఆ పొద్దున మాత్రం బాగా కుదిరింది. రెండు వైపులా సమానంగా వచ్చింది. ఒరే చూడరా, ఇవాళ కుదిరింది, తిరిగొచ్చాక ఫోటో తీయించుకుంటా, మా ఇంటికి పంపాలి అన్నాడు. అంతే."

షెడ్డు బయట గూడ్సు బండి ఒకటి పోయింది.

"నాన్నకు చూపించాలని" అంది పిన్ని. తరవాత ఆవిడకు నవ్వు వచ్చింది. మొదట ముక్కులోంచి, తరవాత భుజాలు కదిలేలా. కళ్ల నీళ్లు టేపు కొసతో తుడుచుకుంది. "దారప్పోగు కూడా లేదు ఆ మూతి మీద! పెన్సిలు!"

ఛైర్మన్ గారు న్యాయం అడిగారు. "అయితే మీసం ఉన్నట్టేగా?"

"ఉంది. ఆయన పెట్టుకున్నది. మొలిచింది కాదు" అంది పిన్ని. "తీసెయ్ బాబూ."

ఛైర్మన్ గారు కమాండర్ వైపు చూశారు, ఆయన పిన్ని వైపు చేయి చూపించారు. బొమ్మలాయన నిట్టూర్చి, మట్టి కోసే తీగ తీసుకుని, ఆ పావురం మీసాన్ని ఒక్క లాగులో కోసేశాడు. కోసి, అలాగే చూస్తూ నిలబడిపోయాడు.

మీసం ఉన్న చోట పై పెదవి లేదు. ముందు మీసం పెట్టుకుని మొహం చేసే మనిషి, మీసం కింద పెదవి ఎందుకు చేస్తాడు? ముక్కు దగ్గర నుంచి కింది పెదవి దాకా చదునుగా, ఇస్త్రీ బల్లలా ఉంది.

"ఇక్కడ ఏం ఉండాలో నాకు తెలియదు పిన్నీ" అన్నాడు బొమ్మలాయన. పిన్ని తెచ్చిన ఫోటోలో మూతి గీత ఉన్న చోటే మడత పడి ఉంది.

"చెల్లెలుందిగా" అన్నారు కమాండర్ గారు, కర్రతో చూపిస్తూ. "చెప్పక్కర్లేదన్నానా? ఆ మూతే."

పిన్నిని స్టూలు మీద కూర్చోబెట్టారు. బొమ్మలాయన చూపుడు వేలితో దూరాలు చూసుకుంటుంటే, ఆవిడే మెడలోని టేపు తీసి ఇచ్చింది. జీవితంలో మొదటిసారి ఆ టేపు ఆవిడ మీదికే వచ్చింది. కదలకుండా కూర్చోవడం ఆవిడకు చేతకాలేదు. కొలతలివ్వడానికి వచ్చేవాళ్లను మెలికలు తిరగొద్దని అరిచే మనిషి తను మెలికలు తిరిగింది.

"నవ్వకు పిన్నీ, గీత మారిపోతోంది."

"ఆయన ఎప్పుడూ నవ్వు ఆపుకుంటున్నట్టే ఉండేవాడయ్యా. అలాగే చెయ్."

"అంటే ఇక నుంచి ఊరంతా మా వదిన మూతికి సెల్యూట్ కొడతారన్నమాట" అంది ఆడపడుచు. "ఇంట్లో నేను దాంతో పడుతున్నది చాలదూ!"

ఆవిష్కరణ రోజున సెలవులైనా పిల్లలు వరసలుగా వచ్చారు, సగం మందికి కాగితం మీసాలు. ఛైర్మన్ గారు గుడ్డ లాగారు. ఆయన భయపడ్డట్టే అయింది. వరసల్లో ఒక గుసగుస లేచి, మూడు దారుల దాకా పాకింది. ఎవరో పిల్ల, "మీసమేదీ?" అంది గట్టిగా. ఛైర్మన్ గారు మైకు దగ్గరికి వెళ్లి, దాన్ని తెచ్చి పిన్ని చేతిలో పెట్టారు.

ఇన్నేళ్లలో ఆ సభల్లో ఆవిడ మైకు పట్టుకోలేదు. ఆవిడకు ఉపన్యాసం రాదు. అద్దం సంగతి చెప్పింది, దారప్పోగు సంగతి చెప్పింది, ఉల్లిపాయ సంగతి, పెన్సిలు సంగతి చెప్పింది. కూల్చిన విమానాలు రెండే అని కూడా చెప్పింది, హెడ్మాస్టర్ గారి వైపు చూడకుండా. ఆ సభ మొదలైన నాటి నుంచి అక్కడ ఎవరూ నవ్వలేదు. ఆ రోజు పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. పెద్దవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, నవ్వొచ్చో లేదో తెలియక, ఆఖరికి వాళ్లూ నవ్వారు. "ఉల్లిపాయ రుద్దుకున్నాడా!" అని ఒక ముసలాయన పక్కవాణ్ణి మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకున్నాడు.

దండ వేయడానికి తెచ్చిన నిచ్చెన ఎక్కింది కమాండర్ గారు. ఆ వయసులో వద్దన్నా వినలేదు. ఛైర్మన్ గారు కింద నిచ్చెన పట్టుకున్నారు. కమాండర్ గారు జేబులోంచి నల్లటి పెన్సిల్ తీసి, సిమెంటు పెదవి మీద మీసం గీశారు. ఒక వైపు పైకి పోయింది, ఒక వైపు కిందికి దిగింది.

"ఎడమ వైపు వంకరొచ్చింది!" అని కింద నుంచి అరిచింది పిన్ని.

"ఆఁ?"

"వంకర! వంకర!"

"ఉండనివ్వండి. మామూలుగా అలాగే ఉండేది."

ఛైర్మన్ గారు నిచ్చెన వదలకుండానే మెడ వెనక్కి తిప్పి, గొంతు తగ్గించి అడిగారు. "ఇంతకీ దీన్ని తుడిపించాలా, ఉంచాలా అమ్మా? మునిసిపాలిటీ తరఫున ఏం చేయమంటారు?"

"వాన పడితే అదే పోతుంది. కావాలంటే వచ్చే ఏడు మీరు గీయండి" అంది పిన్ని. బడులు తెరవడానికి వారమే ఉంది, యూనిఫాంలు ఇంకా కుట్టాలి. ఆడపడుచు అప్పటికే గొడుగు తెరిచి కొట్టు వైపు నడుస్తోంది. ఆ గొడుగు ఎటు వంగిందో చూసి, ఆవిడ గబగబా వెంట వెళ్లింది.